కెమెరా మీది నుంచి దించిన ఫ్లాష్: పెళ్లి పందిట్లో, మగ్గం గుంట దగ్గర, మిట్టమధ్యాహ్నపు ఎండలో

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెళ్లి ఫొటోలు తీసేవారిలో ఫ్లాష్ లేనివారు ఉండరు గాని, దాన్ని కెమెరా మీది నుంచి దించి పక్కన నిలబెట్టి వాడేవారు ఇప్పటికీ తక్కువే. కెమెరా మీద నుంచి సూటిగా కొట్టిన ఫ్లాష్ ముఖం మీది నీడలన్నిటినీ తుడిచేసి, ముక్కును, చెంపను, గదుమను ఒకే మట్టానికి తెస్తుంది. వెనక గోడ మీద మాత్రం మనిషి చుట్టూ నల్లటి అంచు గీసి పెడుతుంది. ఇది ఫ్లాష్ చేసిన తప్పు కాదు, అది నిలబడిన చోటు వల్ల వచ్చిన తప్పు. వెలుతురు ఏ పక్క నుంచి వస్తోంది, ఎంత దూరం నుంచి వస్తోంది, దాని ముందు ఎంత పెద్ద తెల్ల గుడ్డ ఉంది అన్న మూడు విషయాలే చిత్రాన్ని నిర్ణయిస్తాయి. ఫ్లాష్ ఖరీదుకు ఇందులో ఉన్న పాత్ర చాలా చిన్నది.

మొదట సమకూర్చుకోవలసినవి నాలుగే: బలాన్ని చేత్తో తగ్గించుకోవడానికి వీలున్న ఫ్లాష్ ఒకటి, దాన్ని దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్, గొడుగు బిగించే క్లాంపు ఉన్న స్టాండ్, దాదాపు మీటరు వెడల్పున్న తెల్ల గొడుగు. రెండో ఫ్లాష్ ఆలోచనను కనీసం ఒక పెళ్లిళ్ల సీజను గడిచేదాకా వాయిదా వేసుకోవడం మేలు, ఎందుకంటే రెండో వెలుతురు కావాలనిపించే చోట్లలో చాలావాటికి స్టేషనరీ దుకాణంలో దొరికే, వెలుతురును తిప్పి కొట్టే తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి సరిపోతుంది. ఇతరుల ఫ్లాష్‌ను చూసి తానూ వెలిగే ‘స్లేవ్’ పద్ధతి ఇంటి దగ్గర సాధనకు పనికొస్తుంది గాని పందిట్లో పనికిరాదు. మగపెళ్లివారి ఫొటోగ్రాఫరు కొట్టిన ప్రతిసారీ మీ ఫ్లాష్ కూడా వెలిగి, తీరా పుస్తె కట్టే క్షణానికి చార్జి లేక మౌనంగా ఉండిపోతుంది. ఫిల్ము కెమెరాల కాలం నాటి ఫ్లాష్ ఇంట్లో అటక మీద ఉన్నా దాన్ని డిజిటల్ కెమెరాకు తగిలించకూడదు. పాతవాటిలో కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజి వంద వోల్టులు దాటి ఉంటుంది, అది కెమెరా సర్క్యూట్‌ను కాల్చివేయగలదు. చెడిపోయిన ఫ్లాష్‌ను సొంతంగా విప్పడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే లోపలి కెపాసిటర్‌లో సెల్లు తీసేసిన తర్వాత కూడా మూడు వందల వోల్టుల దాకా నిలవ ఉండవచ్చు.

రెండు వెలుతుర్లు, రెండు లెక్కలు

ఫ్లాష్‌తో తీసిన ప్రతి ఫొటోలోనూ రెండు వెలుతుర్లు కలిసి ఉంటాయి: చుట్టూ ముందే ఉన్న వెలుతురు ఒకటి, మనం కొట్టిన ఫ్లాష్ ఒకటి. ఫ్లాష్ పూర్తి బలంతో వెలిగినా సెకనులో కొన్ని వందల వంతు కాలమే ఉంటుంది, బలం తగ్గించే కొద్దీ ఆ కాలం ఇంకా కుదించుకుపోతుంది. అందువల్ల షట్టర్‌ను సెకనులో 1/60 వంతు దగ్గర ఉంచినా, 1/200 వంతు దగ్గర ఉంచినా ఫ్లాష్ వాటా మారదు. మారేది చుట్టూ ఉన్న వెలుతురు వాటా మాత్రమే. ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుతురును అందుకునే చురుకు) అన్నవి ఈ రెండు వెలుతుర్లనూ కలిపి మారుస్తాయి. ఫ్లాష్ బలం, ఫ్లాష్ దూరం అన్నవి ఫ్లాష్‌ను మాత్రమే మారుస్తాయి. ఈ నాలుగు వాక్యాలు చేతికి అలవాటైతే మిగిలిందంతా సాధనే.

ఆ సాధనకు సాయంత్రం ఆరు గంటల వేళ ఇంటి వాకిలి కన్నా మంచి చోటు లేదు. ఒకరిని అరుగు మీద కూర్చోబెట్టి, కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్‌ఓ 200, ఎఫ్/5.6 దగ్గర మొదలుపెట్టి, ముందు ఫ్లాష్ లేకుండానే వెనకాల ఆకాశం కంటికి కనిపించేదాని కన్నా కొంచెం ముదురుగా వచ్చేదాకా షట్టర్‌ను సరిచేయాలి. ఆ దశలో ముఖం నల్లగా ఉంటుంది, ఉండనివ్వాలి. ఆ తర్వాత గొడుగు బిగించిన ఫ్లాష్‌ను మనిషికి ఒక పక్కగా, నలభై అయిదు డిగ్రీల కోణంలో, కళ్ల మట్టం కన్నా జానెడు ఎత్తున, మీటరున్నర దూరంలో నిలబెట్టి 1/8 బలంతో కొట్టి చూడాలి. ఆకాశం ఇంకా ముదరాలంటే షట్టర్‌ను ముట్టుకోవాలి, ముఖం ఇంకా తేరాలంటే ఫ్లాష్ బలాన్ని ముట్టుకోవాలి. రెండిటినీ ఒకేసారి మార్చితే ఏది దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది.

షట్టర్‌కు మాత్రం ఒక హద్దు ఉంది. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. షట్టర్‌లో ఉండే రెండు తెరలలో మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూసుకోవడం మొదలవుతుంది, ఫ్లాష్ వెలిగే క్షణానికి సెన్సార్‌లో కొంత భాగం తెర వెనకే ఉండిపోతుంది. హైస్పీడ్ సింక్ అనే సదుపాయం ఫ్లాష్‌ను వరుస చిన్న మెరుపులుగా కొట్టి ఈ హద్దును దాటిస్తుంది గాని, అందుకు ప్రతిఫలంగా ఫ్లాష్ బలంలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది.

మే నెల ఎండతో లెక్క

మన ఎండలు నలభై డిగ్రీలు దాటే వేళల్లో పెళ్లిళ్లు ఎక్కువ గనుక ఈ లెక్క తెలిసి ఉండాలి. నడినెత్తి ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/200 పెట్టుకుంటే ఎపర్చర్ దాదాపు ఎఫ్/11 దగ్గర కుదురుతుంది. ఇక ఫ్లాష్ సంగతి. డబ్బా మీద అచ్చువేసే గైడ్ నంబర్ అంటే ఐఎస్‌ఓ 100 దగ్గర దూరాన్ని ఎపర్చర్ అంకెతో గుణిస్తే వచ్చే సంఖ్య. అరవై అని రాసి ఉంటే అది ఫ్లాష్ తలను 200 మిల్లీమీటర్ల జూమ్‌కు బిగించినప్పటి సంఖ్య. 35 మిల్లీమీటర్ల దగ్గర అదే ఫ్లాష్ ముప్పై ఆరుకు పడిపోవచ్చు. గొడుగు గుడ్డ గుండా పోయేసరికి ఇంకో రెండు స్టాపులు, అంటే వెలుతురు రెండుసార్లు సగం చొప్పున పోతుందనుకుంటే గైడ్ నంబర్ సగమై పద్దెనిమిది మిగులుతుంది. పద్దెనిమిదిని పదకొండుతో భాగిస్తే మీటరున్నరకు కొంచెం పైన, అంటే ఫ్లాష్‌ను పూర్తి బలంతో కొట్టినా ఆ గొడుగు మనిషికి మీటరున్నర దూరంలోనే ఉండాలి, ఫొటోలో సగానికి గొడుగే కనిపిస్తుంది. మధ్యాహ్నపు ఎండతో పోటీపడి చిన్న ఫ్లాష్ గెలవదు. గొడుగు తీసేసి సూటిగా కొడితే గెలుస్తుంది గాని, గెలిచిన ముఖం చూడబుద్ధి కాదు.

దీనికి విరుగుడు వేపచెట్టు నీడ. పెళ్లికూతురును నీడ అంచుకు ఒక అడుగు లోపలికి తెచ్చి, వెనకాల ఎండ పడిన పొలం గాని, గుట్ట గాని కనిపించేలా నిలబెడితే ఆమె మీద ఎండ పోటీ ఉండదు, ఫ్లాష్ 1/2 బలంతోనే ముఖాన్ని నేపథ్యం దగ్గరికి తెస్తుంది. అయితే చెట్టు నీడ అన్నది అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి కింద ఫొటో తీసినవారికి తెలుస్తుంది, ఆకుల సందుల్లోంచి రూపాయి బిళ్లల్లా రాలే ఎండ చుక్కలు ముఖం మీద తెల్లటి మచ్చలై కూర్చుంటాయి. వాటిని ఫ్లాష్‌తో చెరపడం సాధ్యం కాదు, ఎందుకంటే ఫ్లాష్ నీడను మాత్రమే ఎత్తగలదు, ఎండను తగ్గించలేదు. సహాయకుడి చేత మనిషి తలపైన, ఫ్రేము బయట, తెల్ల పంచె గాని దుప్పటి గాని పట్టించి ముందు ఆ చుక్కలను ఆపాలి. ఆపిన తర్వాతనే గొడుగు ఫ్లాష్ పని మొదలవుతుంది. ఊడల మీద, నేల మీద పడిన చుక్కలు అలాగే ఉండవచ్చు, అవే ఆ చోటుకు అందం.

పందిట్లో

షామియానా కింద పైకి తిప్పి ఫ్లాష్ కొట్టడం మన దగ్గర అలవాటుగా జరిగే పొరపాటు. ఇంటి తెల్ల స్లాబుకు కొడితే మెత్తటి వెలుతురు తిరిగి వస్తుంది, నిజమే. ఎరుపు, పసుపు గుడ్డకు కొడితే ఆ గుడ్డ రంగే తిరిగి వస్తుంది. పసుపు రాసిన పెళ్లికూతురు ముఖం అప్పటికే పచ్చగా ఉంటుంది, దానికి షామియానా ఎరుపు తోడైతే కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నా సరికాదు. పాత బండల మిద్దెల్లోనూ, నల్లబారిన దూలాల కప్పుల కిందా ఇంకో చిక్కు ఉంది: రంగు రాదు గాని, వెలుతురే తిరిగి రాదు. ఇలాంటి చోట్ల ఫ్లాష్‌ను పక్కకు తిప్పి తెల్లగోడ కోసం వెతకాలి, తెల్లగోడ కూడా లేకపోతే థర్మోకోల్ షీటును మనిషి చేతికిచ్చి దానికి కొట్టాలి. పల్లెల్లో గోడలకు నీలం, ఆకుపచ్చ రంగులు ఎక్కువ కాబట్టి కొట్టే ముందు గోడను ఒకసారి చూసుకోవడం మంచిది.

స్టేజీ మీద బంధువులను వరుసగా నిలబెట్టినప్పుడు దూరం లెక్క బయటపడుతుంది. ఫ్లాష్ నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. పక్కన నిలబెట్టిన ఫ్లాష్‌కు మొదటి మనిషి మీటరున్నర దూరంలో, చివరి మనిషి మూడు మీటర్ల దూరంలో ఉంటే, ఈ చివరనున్న మేనమామ తెల్లబోతాడు, ఆ చివరనున్న పెద్దమ్మ చీకట్లో ఉండిపోతుంది. ఫ్లాష్‌ను నాలుగు మీటర్ల దూరానికి జరిపితే చివరి మనిషి అయిదున్నర మీటర్ల దూరంలో ఉంటారు, తేడా దాదాపు సగానికి సగమే. ఇంకా ఎత్తుకు లేపి, తలను చివరి మనిషి వైపు గురిపెడితే ఆ తేడా కూడా కనబడదు. దూరం జరిపినందుకు బలం పెంచుకోవాలి, వెలుతురు కాస్త గట్టిపడుతుంది కూడా. గుంపు ఫొటోలో ఆ నష్టాన్ని భరించవచ్చు.

కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దవారి విషయంలో అద్దంలో తెల్లటి గొడుగు బొమ్మ కనిపిస్తే స్టాండ్‌ను ఎత్తాలి లేదా ఇంకా పక్కకు జరపాలి. వెలుతురు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో వెనక్కి పోతుంది, ఆ దారిలో కెమెరా లేకుండా చూసుకుంటే చాలు. గద్వాల చీర జరీ అంచు కూడా అద్దం లాంటిదే. చిన్న ఫ్లాష్ సూటిగా తగిలితే జరీ మొత్తం తెల్లటి గీతగా కాలిపోతుంది. పెద్ద గొడుగును దగ్గరగా, పక్క నుంచి పెడితే పోగు పోగూ బంగారు రంగులో కనిపిస్తుంది.

చామనచాయ ముఖాలను ‘తెల్లగా చూపించడానికి’ బలం పెంచి కొట్టే అలవాటును వదులుకోవాలని ఇక్కడ గట్టిగానే చెప్పాలి. నల్లటి ఛాయకు అందం తెచ్చేది పక్క నుంచి పడి చెంప ఎముక మీద మెరిసే వెలుతురు, అది కావాలంటే ఫ్లాష్‌ను పక్కకు జరపాలి గాని బలం పెంచకూడదు.

తలంబ్రాలను గాల్లో ఆపి పట్టుకోవాలంటే బలం తక్కువగా ఉండాలన్న మాట మొదట వింతగా తోస్తుంది. 1/16 బలం దగ్గర మెరుపు సెకనులో కొన్ని వేల వంతు కాలమే ఉంటుంది, కనుక బియ్యపు గింజ గాల్లో గీతగా సాగదు, గింజగానే నిలుస్తుంది. తక్కువ బలానికి తగినట్లు గొడుగును దగ్గరికి తెచ్చి ఐఎస్‌ఓను 400 లేదా 800కు పెంచుకోవాలి. వీడియో వారి లైటు బలంగా పడుతుంటే మాత్రం ఆ లైటు వాటా వల్ల గింజల వెనక తోకలు వస్తాయి. షట్టర్‌ను 1/200కు తెచ్చి ఆ వాటాను తగ్గించాలి. వీడియో వారితో ముందే మాట్లాడుకోవడం ఇందుకు కూడా అవసరం. మన ఫ్లాష్ వారి వీడియోలో తెల్లటి పట్టీలుగా పడుతుంది, వారి లైటు మన నీడలను చెరిపేస్తుంది, ఇద్దరూ ఒకే పక్కన నిలబడితే ఇద్దరికీ నష్టం తగ్గుతుంది.

లెన్సులోంచి వచ్చే వెలుతురును కొలిచి ఫ్లాష్ బలాన్ని కెమెరాయే నిర్ణయించే టీటీఎల్ పద్ధతిని బరాత్‌కు వదిలిపెట్టవచ్చు, అక్కడ మనుషులు అడుగడుక్కీ దగ్గరవుతూ దూరమవుతూ ఉంటారు. మండపంలో మాత్రం అది మోసపోతుంది: పెళ్లికొడుకు తెల్ల పంచె, కండువా ఫ్రేము నిండా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకొని బలం తగ్గించి ముఖాలను చీకటి చేస్తుంది. కూర్చున్న మనుషులకు మాన్యువల్, కదిలే మనుషులకు టీటీఎల్ అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

బతుకమ్మ రాత్రి

బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను మామూలు ఫ్లాష్‌తో తీస్తే నాలుగు తెల్లటి ముఖాలు, వెనకాల గాఢమైన చీకటి మిగులుతాయి. దీపాలు, తంగేడు పసుపు, తిరుగుతున్న వలయం అన్నీ పోతాయి. ఇక్కడ షట్టర్‌ను 1/15 దాకా, చెయ్యి నిలకడగా ఉంటే 1/8 దాకా దించి, ఐఎస్‌ఓ 800, ఎఫ్/4 దగ్గర పెట్టి, ఫ్లాష్‌ను ‘రియర్ కర్టెన్’ పద్ధతికి మార్చాలి. అప్పుడు షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ దీపాల వెలుతురులో చీరల కదలిక పారినట్టుగా నమోదవుతుంది, మూసుకోబోయే ముందు ఫ్లాష్ వెలిగి ముఖాన్ని నిలిపేస్తుంది. మామూలు పద్ధతిలో ఫ్లాష్ ముందే వెలుగుతుంది కాబట్టి కదలిక మనిషి ముందుకు సాగి, ఆమె వెనక్కి నడుస్తున్నట్లు కనిపిస్తుంది.

రంగు సంగతి కూడా చూడాలి. వెలుతురు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో (అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపెక్కుతుంది) ఫ్లాష్ వెలుతురు దాదాపు 5500, పగటి వెలుతురుతో సమానం. పాత పసుపు బల్బులు 3000 కెల్విన్‌కు అటూ ఇటూ, నూనె దీపాలు ఇంకా కింద ఉంటాయి. ఫ్లాష్ మూతికి సగం గాఢత గల నారింజ జెల్ కాగితం కట్టి కెమెరాలో రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను 4000 దగ్గర పెడితే ముఖాలు నీలంగా పోకుండా దీపాల మధ్యనే ఉన్నట్లు కనిపిస్తాయి. తెల్లటి ఎల్‌ఈడీ వీధి దీపాల కింద ఆడుతుంటే ఈ జెల్ అవసరం లేదు, పెడితే చెడుతుంది. స్టాండ్‌ను వలయం దగ్గర నిలబెట్టకూడదు, ఎవరి కాలైనా తగులుతుంది. సహాయకుడు ఫ్లాష్‌ను కర్రకు కట్టి పైనుంచి పట్టుకొని నడవడమే సరైన పద్ధతి.

మగ్గం గుంట దగ్గర

భూదాన్ పోచంపల్లిలోనో పుట్టపాకలోనో గుంట మగ్గం ఉన్న గదిలోకి వెళ్తే వెలుతురు ఒక చిన్న కిటికీ నుంచి మాత్రమే వస్తుంది. ఫ్లాష్‌తో ఆ గదంతా వెలిగించడం తప్పు, ఎందుకంటే ఆ గది స్వభావమే ఆ ఒక్క కిటికీ. ఫ్లాష్‌ను కిటికీ ఉన్న వైపునే, వీలైతే కిటికీ బయటనే నిలబెట్టి లోపలికి కొట్టాలి; చూసేవారికి ఫ్లాష్ వాడినట్టే అనిపించకూడదు. పడుగు పోగుల మీద వెలుతురు పక్క నుంచి, పోగులకు అడ్డంగా, వాటి మీదుగా దాదాపు మట్టంగా రాసుకుంటూ పోతే పోగు పోగూ విడిగా కనిపిస్తుంది, చిటికి (ఇక్కత్) కట్టి అద్దిన రంగు అంచులు పేక కలిసే చోట ఎలా అల్లుకుంటున్నాయో తెలుస్తుంది. పై నుంచి కొడితే అదంతా రంగు కాగితంలా చదునైపోతుంది. నేతగాడి ముఖం చీకటైతే అవతలి పక్క థర్మోకోల్ నిలబెడితే చాలు.

చేతితో ఆసు పోయడం, అంటే రంగు అద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టడం, ఇప్పుడు తగ్గింది. చింతకింది మల్లేశం రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ శ్రమను చాలా ఇళ్లలో తీసేసింది. ఎక్కడైనా ఇంకా చేత్తో పోస్తూ కనిపిస్తే, బతుకమ్మకు చెప్పిన పద్ధతే 1/15 షట్టర్‌తో పనికొస్తుంది: మేకుల మధ్య తిరిగే చెయ్యి నీడలా సాగుతుంది, ముఖం నిలిచి ఉంటుంది. ఒకటికి పదిసార్లు ఫ్లాష్ కొడితే పని చేసేవారి కళ్లకు ఇబ్బంది కనుక నాలుగైదు ఫొటోలకు ఒకసారి ఆగాలి.

ఫ్లాష్ తీయకూడని చోటు ఒకటి నల్లగొండ పక్కనే ఉంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడ, బయటి వెలుతురు స్తంభాల నడుమ నుంచి చెదిరి లోపలికి రావడం వల్ల ఏర్పడుతుంది. ఎంత తక్కువ బలంతో ఫ్లాష్ కొట్టినా ఆ నీడ మాయమవుతుంది, నునుపు తేలిన నల్లరాతి స్తంభాల మీద తెల్లటి మచ్చ మాత్రం మిగులుతుంది. అనుమతి ఉంటే ట్రైపాడ్, లేకపోతే గడపకు ఆనించిన మోచేయి, ఒకటి రెండు సెకన్ల షట్టర్.

గాలి, వేడి, సెల్లు

గొడుగు బిగించిన స్టాండ్ తెరచాపతో సమానం. నాగార్జునసాగర్ ఒడ్డున ఒక జంటను తీస్తూ, ‘ఒక్క ఫొటోయే కదా’ అని స్టాండ్‌ను వదిలి రెండడుగులు వేసినంతలో గొడుగుతో సహా అది బండల మీద పడి, ఫ్లాష్ మెడ విరిగింది; తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి ఖాళీ సిమెంటు సంచిని కత్తిరించి రెండు జేబుల్లా కుట్టించి, చేరిన చోట ఇసుక నింపి స్టాండ్ కాలి మీద వేలాడదీస్తున్నాను. గాలి మరీ ఎక్కువైతే గొడుగు తీసేసి, చిన్న సాఫ్ట్‌బాక్స్‌ను మనిషి చేత పట్టించడమే దారి.

పూర్తి బలంతో వరుసగా కొడుతూ పోతే ఫ్లాష్ తల వేడెక్కి, రక్షణ కోసం తనంతట తానే నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. దాన్ని తడిగుడ్డతో చల్లార్చకూడదు, నీడలో పది నిమిషాలు వదిలేయాలి. అసలు ఆ దశకు రాకుండా బలాన్ని 1/2కు మించనివ్వక, కావలసిన మిగతా వెలుతురును ఐఎస్‌ఓతో తెచ్చుకోవడం తెలివైన పని. బండి డిక్కీలో, ఎండలో నిలిపిన కారు అద్దం వెనక సెల్లు పెట్టకూడదు.

నాలుగు పెన్‌సెల్లు వేసే ఫ్లాష్‌కు తిరిగి చార్జి చేసుకునే నికెల్ సెల్లే మేలు. వాటి వోల్టేజి 1.2 మాత్రమే అయినా, మామూలు ఆల్కలైన్ సెల్ల కన్నా ఎక్కువ కరెంటును ఒక్కసారిగా ఇవ్వగలవు, అందుకే రెండు ఫ్లాష్‌ల నడుమ వేచి ఉండే సమయం తగ్గుతుంది. నాలుగింటినీ ఒక జట్టుగా కొని, వాటి మీద మార్కర్‌తో ఒకే అంకె వేసి, కలిపే వాడి కలిపే చార్జి చేయాలి. వేరే జట్టులోని బలహీనమైన సెల్లు ఒకటి కలిసినా మిగతా మూడూ దాని వేగానికే దిగుతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక సెల్లు తీసి విడిగా దాచి, నెలకొకసారి వేసి నాలుగైదు సార్లు ఫ్లాష్ వెలిగించి మళ్లీ తీసి పెడితే కెపాసిటర్ చెడకుండా ఉంటుంది, శ్రావణంలో మొదటి ముహూర్తానికి తడుముకోవలసిన అవసరం రాదు.